కడప పిండి, కర్నూలు పెనం

జ్ఞానమణి తింటేనే ఆపరేషన్ అని డాక్టరు చెప్పాడు. ఒంట్లో బలం లేదు, ఇట్లాగే బల్ల మీద పడుకోబెడితే మళ్లీ లేవదు అన్నాడు. కారమైనా సరే, పులుపైనా సరే, ఏదడిగితే అది పెట్టండి, నోటితో తినాలి అన్నాడు. మెత్తగా చెప్పలేదు. ఆ ఆసుపత్రిలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

జ్ఞానమణి నా భార్య. కడుపులో గడ్డ. తీసేస్తే బతుకుతుంది. తీయాలంటే తినాలి. ఆమె తినదు. ముక్కులోంచి పైపు వేస్తే పీకేసింది. మళ్లీ వేశారు, మళ్లీ పీకేసింది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. చెయ్యి ఎత్తితే అటు, దించితే ఇటు. ఆ చప్పుడు వినలేక గాజులు తీసి నా సంచిలో వేసుకున్నాను.

మాది బేతంచెర్ల. బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర పనిచేసి ముసలివాడినయ్యాను. ఆమెది కడప. వాళ్ల నాయన క్రైస్తవ మిషన్ బడిలో అయ్యవారు. మాకు పిల్లలు లేరు. మా ఇంట్లో గొడవ ఒక్కటే, పెళ్లయిన వారం మొదలైంది. కర్నూలు తిండి గొప్పా, కడప తిండి గొప్పా.

నేను జొన్నరొట్టె లేకపోతే అన్నం తిన్నట్టు కాదనేవాడిని. "మీ రొట్టెలా? నువ్వు పాలిష్ పట్టే బండలకు బదులు అవి పరిస్తే సరిపోతాది" అనేది ఆమె. మీ కడపవాళ్లు అన్నంలో రాగిపిండి కలిపి సంగటి అంటారు, వట్టి రాగి తినడానికీ సిగ్గే, వట్టి అన్నం తినడానికీ సిగ్గే అనేవాడిని నేను. పని మీద కర్నూలు వస్తే కర్నూలు హోటళ్లను ఆమె తిట్టేది. కడప పోతే కడప హోటళ్లను నేను తిట్టేవాడిని. బాగున్నా తిట్టేవాడిని. ఒక్కసారి కూడా కడపది బాగుందని నేను అనలేదు. ఆమె కూడా కర్నూలుది బాగుందని అనలేదు. ఒకరు ఒప్పుకుంటే రెండోవాళ్లకు మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

కర్నూలు ఆసుపత్రిలో కూడా అదే మాట. కాని ఇక్కడ మాట ఒక్కటే మిగిలింది, తినడం లేదు.

ముందు ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న ఉరుకుందప్ప హోటల్లో ఉగ్గాని, బజ్జి తెచ్చాను. ఉరుకుందప్పది ఆదోని పక్క పల్లె. నోరు పెద్దది, చెయ్యి మంచిది. జ్ఞానమణి ఉగ్గాని వైపు చూసి మొహం తిప్పుకుంది.

"బొరుగులు నీళ్లలో ముంచి తాళింపేసి దానికో పేరు పెట్టినారు. మా కడపలో పసిపిల్లోళ్లకు పెడతారు అవి."

"పసిపిల్ల అనుకోని రెండు మెతుకులు తిను."

"నాకొద్దు."

పాతబస్తీకి పోయి బిర్యానీ తెచ్చాను. మూత తీయగానే చేత్తో తోసేసింది. "హైదరాబాదోళ్ల దగ్గర నేర్చుకున్యారు. సగమే నేర్చుకున్యారు" అంది. తెల్లారి నమాజు అయ్యే వేళకు పోయి ఒక సాయిబు హోటల్లో పాయా రసం తెచ్చాను. రెండు చెంచాలు తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో చెంచాకు మొత్తం కక్కేసింది. పొంగణాలు తెచ్చాను. ఇడ్లీ తెచ్చాను. జొన్నరొట్టెను పాలలో నానబెట్టి తెచ్చాను. అది చూసి నవ్వింది. "ఇప్పుడైనా మెత్తబడింది" అంది. తినలేదు.

పక్క మంచం దగ్గర కృష్ణవేణమ్మ అని డోన్ ఆమె ఉండేది. వాళ్ల అత్తకు తోడుగా వచ్చింది. నేను తెచ్చి పారబోసేవన్నీ చూసి ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచింది.

"అన్నా, ఆమె ఏమడుగుతాండాదో అది తెచ్చిపెట్టరాదా? ఊరంతా తిరుగుతాండావు, ఆమె అడిగింది తప్ప అన్నీ తెస్తాండావు."

"ఏమడిగింది?"

"నిద్రలో గూడా కారం దోశ, కారం దోశ అంటాండాది. నీకు ఇనపళ్లేదా?"

వినపడింది. వినపడనట్టు ఉన్నాను.

రాజ్‌విహార్ దాటాక రోడ్డు పక్కన ఒక బండి ఉంది. 'కడప కారం దోశ' అని ఎర్ర అక్షరాల బోర్డు. దోశ పోసేవాడిని అడిగాను, కడపలో యాడ మీది అని.

"కడపనా? నాది ఎమ్మిగనూరప్పా. కడప ఏ దిక్కుండాదో గూడా తెల్దు నాకు. బోర్డు రాసినోడు ఈ పేరు పెట్టు, బాగా పోతాది అన్యాడు."

అయినా కట్టించుకున్నాను. బోర్డు మీద ఉన్న మాటే ఆమెకు చెప్పాను. కడప దోశ అన్నాను. ఆమె మూత తీయకుండానే వాసన పట్టింది.

"ఇది కడపది కాదు. అబద్ధమాడి పెట్టిన కూడు నాకొద్దు. ఇంగోసారి ఇట్ల చేస్తే నీళ్లు గూడా ముట్టను."

ఆమె అన్నదంటే చేస్తుంది. మిషన్ అయ్యవారి కూతురు. అబద్ధం అంటే ఆమెకు విషం. మా ఇంటికొచ్చిన పాస్టరే ఒకసారి ఏదో కలిపి చెప్తే, వడ్డించే కంచం తీసి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం ఆమే అడిగింది. కడపలో ఏడు రోడ్ల దగ్గర సందులో బోర్డు లేని హోటలు. చిన్నప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. అక్కడి కారం దోశ. అది తెస్తే తింటానంది. నా కళ్లలోకి చూసి, తింటా, మాటిస్తాండా అంది.

ఆమె తమ్ముడు వసంతకుమార్ కడపలోనే ఉంటాడు. అతన్ని తెమ్మనవచ్చు. తెస్తాడు. తెచ్చి, కర్నూలంతా తిరిగి మా బావ చేయలేనిది నేను చేశాను అని చచ్చేదాకా చెప్పుకుంటాడు. చెప్పుకోకపోయినా నాకు అట్లాగే వినపడుతుంది. ఆమె నా భార్య. నేనే తెస్తాను.

తెల్లవారుజామున మొదటి బస్సుకు బయల్దేరాను. ఆమె నిద్రపోతోంది. కృష్ణవేణమ్మకు చెప్పాను. స్టీలు క్యారియర్ సంచిలో పెట్టుకున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. కిటికీలోంచి చూసిందేమీ లేదు. ఎండ ముదరకముందే దోశ చేతికి రావాలి, అంతే.

కడపలో దిగి ఆటో ఎక్కాను. ఒకచోట గొర్రెల మంద అడ్డం వచ్చి ఆటో ఆగింది. పక్కన చూస్తే వసంతకుమార్ వాళ్ల సందు. వాళ్ల ఇంటి ముందు ఆరేసిన చీర కూడా కనపడింది. దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. మా వైపయినా వాళ్ల వైపయినా ఒకటే. బంధువుల ఊరికి పోయి వాళ్ల ఇంటికి పోకుండా రావడం తిట్టుతో సమానం. పోయి తినకుండా రావడం అంతకన్నా పెద్ద తిట్టు. దిగితే కాళ్లకు నీళ్లిస్తారు, చాప వేస్తారు, కోడిని పట్టడానికి ఒకరు పరిగెత్తుతారు. వద్దంటే ఏడుస్తారు. మధ్యాహ్నం దాటితే గాని వదలరు. నేను తల దించుకున్నాను. మంద పోయింది. ఆటో కదిలింది.

హోటలు దొరికింది. ఆమె చెప్పినట్టే బోర్డు లేదు. నాలుగు బెంచీలు, మసి పట్టిన గోడ, మంచం అంత పెనం. పెనం ముందు నా వయసు మనిషి. శేషన్న అని పిలుస్తున్నారు అందరూ.

"రెండు కారం దోశ పార్సెల్."

"పార్సెల్ లేదప్పా. ఈడ కూచోని తినాల."

"ఆసుపత్రిలో మనిషికి."

"ఏ ఆసుపత్రి?"

"కర్నూలు."

శేషన్న గరిటె ఆపి నన్ను చూశాడు. "కర్నూలుకా? ఈ సందు దాటేలోపల ఈ దోశ తడిగుడ్డ అయితాది. కర్నూలు దాకా పోయినాక దాన్ని తినేది ఉండదు, పిండుకోని ఆరేసుకునేదే."

బెంచీల మీదవాళ్లు నవ్వారు. ఒకడు, "కర్నూలోళ్లకి దోశ గూడా లేకపాయనా పాపం" అన్నాడు. ఇంకొకడు, "తుంగభద్ర నీళ్లు తాగేటోళ్లకి కారం ఎట్లొస్తాది లే" అన్నాడు. ఇంకో రోజయితే వాళ్లకు జవాబు చెప్పేవాడిని. చెప్పలేదు. నిలబడ్డాను. ఆమె సంగతి చెప్పాను. గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, వాళ్ల నాయన సంగతి, ఆదివారాల సంగతి.

"మిషన్ బడి అయ్యవారా? ఆయప్ప మా నాయన కాలంలో వచ్చింటాడు. నాకు గ్యాపకం లేదు. గ్యాపకం ఉండాదని అబద్ధం చెప్పను" అన్నాడు శేషన్న.

"దోశ ఇయ్యకపోతే పిండియ్యి. కారం ఇయ్యి. కర్నూల్లో పోయించుకుంటా."

"పిండి ఇచ్చే అలవాటు మాకు లేదు."

"నీ కాళ్లు పట్టుకుంటా."

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు అంతకు ముందు. ఫ్యాక్టరీ ఓనరుతో అనలేదు, డాక్టరుతో అనలేదు. వంగాను కూడా. శేషన్న గరిటె పక్కన పెట్టి నా భుజం పట్టుకున్నాడు.

"కూచో ముందు. తిను. తినకుండా పిండి తీస్కపోతే యాడ ఆపాల్నో యాడ తిప్పాల్నో నీకేం తెలుస్తాది?"

మందంగా పోశాడు. పైన ఎర్రకారం గరిటె వెనకతో పూశాడు. మిరపకాయలు నానబెట్టి ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసి రుబ్బిన కారం. దాని మీద పప్పులపొడి చల్లి నెయ్యి వదిలాడు. తిరగేయలేదు. మడిచి తట్టలో వేశాడు.

తిన్నాను. నోరు మండింది. ఆ మంట వెనకాలే నెయ్యి వచ్చి దాన్ని ఆర్పింది. అంచు కరకరలాడింది, నడుమ మెత్తగా ఉంది. తట్ట ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. మా కర్నూలులో ఇట్లాంటిది లేదు. ఆమె చెప్పింది నిజం. చెప్పిన ప్రతిసారీ నిజమే చెప్పింది.

శేషన్న క్యారియర్ నింపాడు. పెద్ద గిన్నెలో పిండి, నడిమి గిన్నెలో కారం, పై గిన్నెలో పొడి. నెయ్యి ఒక చిన్న సీసాలో పోసిచ్చాడు. "మూత గట్టిగా బిగించొద్దు, ఈ ఎండకు పొంగుతాది. యాడా ఆగొద్దు. పులిసిపోతే నేనేం చెయ్యలేను. ఇంగోటి, ఆడ పెనం మా పెనం కాదు. దానికి గూడా నేనేం చెయ్యలేను" అన్నాడు. దుడ్లు తీసుకోలేదు.

ఎక్కడా ఆగలేదు. దొరికిన బస్సు ఎక్కాను. మే నెల ఎండ. క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని పైన తడి తువ్వాల కప్పాను. మైదుకూరు దాటేసరికి తువ్వాల ఆరిపోయింది. చాగలమర్రి దగ్గర పిండి పొంగి మూత లేచింది. ఒళ్లంతా కారింది. పంచె, చొక్కా జేబు, అన్నీ. అరచేయి మూత మీద పెట్టి నొక్కిపట్టుకున్నాను. అది వేళ్ల సందుల్లోంచి వస్తూనే ఉంది. కండక్టరు వచ్చి చూశాడు.

"ఏమప్పా, ఒళ్లో పిల్లోడు ఉచ్చ పోసినట్టుండాదే?"

"దోశపిండి."

"దోశపిండి కడప నుంచి కర్నూలుకా? ఏం, కర్నూల్లో బియ్యం లేవా?"

"బియ్యం ఉండాయి. దోశ లేదు."

బస్సులో నేనెవరో ఎవరికీ తెలియదు. అందుకే ఆ మాట వచ్చింది. ఒకసారి వచ్చాక, రెండోసారి చెప్పడం కష్టం కాదనిపించింది. జ్ఞానమణికి చెప్పాలనుకున్నాను. దోశ పెట్టి, ఆ మాట కూడా చెప్తే, ఆ సంతోషానికైనా ఇంకో నాలుగు ముద్దలు తింటుందనుకున్నాను. నంద్యాల నుంచి కర్నూలు దాకా అదే అనుకుంటూ వచ్చాను.

కర్నూలులో దిగేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రి ఎదురుగా ఉరుకుందప్ప హోటలుకు పోయి క్యారియర్ బల్ల మీద పెట్టాను.

"ఇది పోసియ్యప్పా. కడప పిండి."

"కడప పిండా? నా పెనం మీదనా?" ఉరుకుందప్ప గొంతు రోడ్డు దాకా వినపడింది. "ఇన్యావా అన్నా, కడప బోర్డు పెట్టుకోని బండ్లోళ్లు నా గిరాకీ సగం ఎత్తుకపోయినారు. ఇప్పుడు నా పొయ్యి మీద నేనే కడప దోశ పోయాల్నా? నాది ఉగ్గాని పొయ్యప్పా, పరువు గల పొయ్యి."

"ఆమె తింటానంది."

ఉరుకుందప్ప నా పంచె చూశాడు. ఎండిన పిండి అట్టలు కట్టి ఉంది. వేలితో పిండి తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"పులిసింది."

"తెలుసు."

కొంచెం బియ్యప్పిండి కలిపాడు. పెనం మీద పోసి గుండ్రంగా, పల్చగా తిప్పాడు. అది అతని చేతి అలవాటు. కర్నూలు దోశ కాగితమంత ఉంటుంది. "మందం, మందం" అని అరిచాను. అది పారేసి మళ్లీ పోశాడు. గరిటె ఆపలేక చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి యాడ ఆపాలో చెప్పాను. కారం నేనే పూశాను. పొడి చల్లాను. నెయ్యి వేశాను. పెనం మీద పొద్దుటి నుంచి బజ్జీల నూనె వాసన ఉంది. అది నాకు తెలిసింది. చేసేదేమీ లేదు.

దోశ పళ్లెంలో పెట్టి, ఇంకో పళ్లెం బోర్లించి, రోడ్డు దాటి, మెట్లు ఎక్కి పరిగెత్తాను.

జ్ఞానమణి కళ్లు మూసుకుని ఉంది. పై పళ్లెం తీశాను. ముక్కు కదిలింది. కళ్లు తెరిచింది.

"లేపు" అంది.

కృష్ణవేణమ్మా నేనూ లేపి దిండ్లకు ఆనించాం. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పెదాలు మాత్రమే కదిలాయి. తునక తుంచి నోట్లో పెట్టాను. నమిలింది. మింగింది. గొంతు కదలడం నేను చూశాను. ఇంకో తునక. అది కూడా మింగింది. ఇంకోటి.

"తింటాండాదన్నా! సూడు, తింటాండాది!" అంది కృష్ణవేణమ్మ. పక్క మంచాల వాళ్లు కూడా చూస్తున్నారు.

"ఆ హోటలేనా?" అని అడిగింది జ్ఞానమణి.

"ఆ హోటలే. శేషన్న అని, ఆయప్పే ఇచ్చినాడు."

"నువ్వు పోయినావా కడపకి?"

"పోయొచ్చినా."

"నువ్వు గూడా తిన్యావా?"

"తిన్యా."

"ఎట్లుండాది?"

బస్సులో అనుకుంటూ వచ్చిన మాట నోటికి వచ్చింది. "బాగుండాది. మీ కడపదే బాగుండాది జ్ఞానా. మా కర్నూల్లో ఇట్లాంటిది లేదు. నువ్వు చెప్పిందే నిజం."

నమలడం ఆపేసింది.

"ఇంగోసారి చెప్పు."

చెప్పాను.

"నువ్వా ఈ మాట అనేది? మా నాయన పోయినప్పుడు గూడా మా ఇంట్లో కూచోని, మా అమ్మ పెట్టిన సంగటి తింటా, మా రొట్టెకు ఇది సాటి రాదన్యావు. సావింట్లో అన్యావు ఆ మాట. అట్లాంటోడివి ఇప్పుడు బాగుండాదంటాండావా?"

"బాగుండాది కాబట్టి అంటాండా."

"నువ్వు కడపకి పోలే. పోయింటే ఏదో ఒక వంక పెట్టేవాడివి. ఉప్పెక్కువ అనేవాడివి, నెయ్యి కంపు అనేవాడివి. నేను సస్తానని నన్ను ఊరడిస్తాండావు."

"కాదు. పోయినా. చూడు, పంచె చూడు."

"పిండి యాడైనా కారుతాది. పెనం వాసన చూస్తే తెలుస్తాది, ఇది కడప పెనం కాదు."

"పెనం ఉరుకుందప్పది. పిండి కడపది."

"చూడు. కర్నూలుదని నువ్వే ఒప్పుకుంటాండావు."

జేబులోంచి టికెట్లు తీశాను. పిండిలో నాని ముద్దయిపోయాయి. ఒక్క అక్షరం లేదు. కృష్ణవేణమ్మ వైపు తిరిగాను. చెప్పమ్మా నువ్వు అన్నాను.

"కడపకి పోతాండానని చెప్పే పోయినాడమ్మా" అంది ఆమె. మళ్లీ తనే, "యాడికి పోయినాడో నేను చూసిందయితే లేదు" అంది. నిజమే చెప్పింది. ఆ నిజం ఆ పూట ఎవరడిగారు?

"ఫోను కలుపు" అంది జ్ఞానమణి. "వసంతకు కలుపు."

కృష్ణవేణమ్మ ఫోనులోంచి కలిపి, అందరికీ వినపడేటట్టు పెట్టి, ఆమె మొహం దగ్గర పట్టుకుంది.

"వసంతా, మీ బావ ఈ పొద్దు కడపకొచ్చినాడా?"

"బావనా? రాలేదే అక్కా. ఎందుకు?"

"బాగా గ్యాపకం చేసుకో."

"గ్యాపకం చేసుకునేది ఏముండాది? బావ కడపకొచ్చి మా ఇంటికి రాకుండా పోతాడా? నిన్ను ఆడ పెట్టుకోని, నన్ను చూడకుండా పోతాడా? పొద్దన్నుంచి ఇంట్లోనే ఉండాను. రాలేదక్కా."

"వచ్చినా వసంతా!" అని అరిచాను నేను. "మీ సందు కాడికి వచ్చినా!"

"బావా? ఏం చెప్తాండావు బావా? సందు కాడికొచ్చి ఇంటికి రాలేదా? ఏమైంది బావా?"

అతనికి ఏమీ తెలియదు. అతనికి తెలిసింది అతను చెప్పాడు. జ్ఞానమణి చేత్తో ఫోను పక్కకు తోసింది. నా కుడిచేయి పట్టుకుని అరచేయి పైకి తిప్పింది. నోట్లో నమిలిన ముద్దను వేలితో తీసి అందులో పెట్టింది. విసరలేదు. జాగ్రత్తగా పెట్టింది.

"మా తమ్ముడు అబద్ధం చెప్పడు" అంది.

ఆ తర్వాత ఆమె నోరు తెరవలేదు. నీళ్లు కూడా చెంచాతో పళ్ల మీద పోస్తే పక్కకు కారిపోయేవి. బతిమాలాను. తిట్టాను. కర్నూలు దోశే, అబద్ధమే చెప్పాను, క్షమించి తిను అని కూడా అన్నాను. ఆ అబద్ధాన్ని మాత్రం నమ్మింది. డాక్టరు వచ్చి చూసి పోయేవాడు. ఆపరేషన్ మాట ఎత్తడం మానేశాడు. ఒక మధ్యాహ్నం, నేను గ్లాసు కడగడానికి కుళాయి దగ్గరకు పోయినప్పుడు ఆమె పోయింది.

బేతంచెర్లలో సమాధి చేశాం. వసంతకుమార్, అతని భార్య మహిమ వచ్చారు. పాస్టరు నిరీక్షణ గురించి మాట్లాడాడు. విన్నవాళ్లు విన్నారు. మట్టి వేశాక ఇంటికి వచ్చాం. సంఘం ఆడవాళ్లు వంట చేసి వడ్డన మొదలుపెట్టారు. వసంతకుమార్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"బావా, నిజంగా వచ్చినావా ఆ పొద్దు?"

"వచ్చినా. గొర్లు అడ్డమొచ్చి మీ సందు మొగదల్లోనే ఆటో ఆగింది. మీ ఇంటి ముందర పచ్చ చీర ఆరేసింటిరి."

మహిమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీర ఆమెదే.

వసంతకుమార్ ఏడ్చాడు. అక్క కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. "మా ఇంటి కాడికొచ్చి, నన్ను చూడకుండా ఎట్ల పోబుద్ధయింది బావా?" అన్నాడు. అదీ అతని ఏడుపు.

"దిగింటే తినకుండా పంపిస్తారా మీరు? ఆలస్యమైతాది. పిండి పులుస్తాది."

అప్పుడు మహిమ అంది. "అన్నా, ఒక్క మాట చెప్పింటే తిండి మాటెవురు ఎత్తుతారు? నేను పెనం, పిండి ఎత్తుకోని నీ ఎంబడే బస్సెక్కేదాన్ని. ఆ శేషన్న దగ్గర మా అమ్మ శానా ఏండ్లు పిండి రుబ్బింది. ఆ కారం నాకు వస్తాది. వదినకు మంచం పక్కనే పోసిచ్చేదాన్ని. నన్ను చూసింటే నమ్మేది గదన్నా."

అది నిజమే కావచ్చు. నిజమే. కాని మట్టి వేసి వచ్చిన మనిషికి ఆ నిజంతో పనేమిటి? అనకుండా ఉండాల్సింది. అన్నది. వసంతకుమార్ ఫోనులో చెప్పినదానికి, కృష్ణవేణమ్మ చూడలేదన్నదానికి నా దగ్గర ఏదో ఒక జవాబుంది. ఈ మాటకు లేదు.

విస్తళ్లు వేశారు. వాళ్లిద్దరూ నా మొహం చూస్తూ నిలబడ్డారు, కూర్చోమని నేను అంటానేమోనని. అనలేదు. చావిట్లో ఎవరో, బావతో ఒక మాట అనిపించుకోండి అని వాళ్లకు చెప్తున్నారు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

కడప బస్సు వేళకు వాళ్లు లేచిపోయారు. మా ఇంట్లో ముద్ద ముట్టకుండా పోయారు. పోనిచ్చాను.